పెన్‌డ్రైవ్ పెడితేనే లేచే ల్యాప్‌టాప్: పాత సిస్టమ్‌లో లైనక్స్ ఎక్కడ ఆగిందో ఇలా పట్టుకోండి

"ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్."

నల్ల స్క్రీన్ మీద ఈ ఒక్క లైనే ఉంది. నా వెనకాల మా చెల్లి నిలబడి ఉంది. కాసేపు చూసి, మెల్లగా అడిగింది: "అన్నయ్యా, డి డ్రైవ్‌లో నాన్న వీడియోలు ఉన్నాయి కదా... పోలేదు కదా?"

నేను ఏమీ చెప్పలేదు. ఎందుకంటే నాకే తెలీదు. అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం ఏంటంటే, ఇన్‌స్టాల్ మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీయలేదు.

పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేయడం గురించి రాసేవాళ్లు సాధారణంగా "పెన్‌డ్రైవ్ చేయండి, నెక్స్ట్ నొక్కండి, అయిపోయింది" అంటారు. నిజానికి అలా అయిపోయేవీ చాలానే ఉన్నాయి. కానీ అవ్వనప్పుడు ఏం చేయాలి? ఆ రెండు రోజుల్లో నాకు నాలుగు చోట్ల ఆగింది. ఆ నాలుగూ ఎలా దాటానో, ఒక్కోచోట ఎందుకు ఆగిందో ఇక్కడ చెప్తాను. మీ అటక మీద కూడా ఒక పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇది మీకు పనికొస్తుంది.

ఈ ల్యాప్‌టాప్‌నే ఎందుకు లేపాలి?

మా పిన్ని వాళ్లది వైరా దగ్గర ఒక ఊరు. బాబాయ్ స్కూల్ టీచర్. 2010లో కొన్న ల్యాప్‌టాప్ ఇది. కోర్ 2 డుయో ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్. కంపెనీ పేరు అనవసరం, ఆ కాలం నాటివన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. బాబాయ్ ఇప్పుడు లేరు. స్కూల్ ఫంక్షన్లు, చెల్లి చిన్నప్పటి పుట్టినరోజులు, ఆయన గొంతుతో రికార్డ్ చేసిన పాఠాలు అన్నీ ఆ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి.

చెల్లి ఈ ఏడాది డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకుంది. కొత్త ల్యాప్‌టాప్ కొనే పరిస్థితి ఇప్పుడు లేదు. పైథాన్ రాయడానికి, పీడీఎఫ్‌లు చదువుకోవడానికి ఇది చాలదా అని నన్ను అడిగింది. చాలుతుందన్నాను.

అందులో విండోస్ 7 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14న ముగిసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11 అధికారికంగా టీపీఎమ్ 2.0, యూఈఎఫ్ఐ అడుగుతుంది. ఈ ల్యాప్‌టాప్‌లో రెండూ లేవు. కాబట్టి మిగిలింది లైనక్స్. నేను తీసుకున్నది లైనక్స్ మింట్ 22, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. కనీసం 2 జీబీ ర్యామ్ ఉండాలి, 4 జీబీ ఉంటే మంచిదని మింట్ వాళ్లే చెప్తారు. ఇక్కడ సరిగ్గా 4 ఉంది.

ప్లాన్ సింపుల్: సి డ్రైవ్ తీసేసి అక్కడ మింట్ వేయాలి, డి డ్రైవ్‌ని ముట్టుకోకూడదు.

ముందు ఇది అర్థం చేసుకోండి: బూట్ అంటే ఐదు మజిలీలు

హైదరాబాద్ నుంచి నేను పిన్ని వాళ్ల ఊరు వెళ్లాలంటే ఖమ్మం దాకా రైలు, అక్కడి నుంచి వైరాకి బస్సు, తర్వాత ఆటో. నేను ఇంకా రాలేదంటే పిన్ని కంగారుపడి అన్ని చోట్లా వెతకదు. "ఆఖరిసారి ఎక్కడి నుంచి ఫోన్ చేశాడు?" అని అడుగుతుంది. ఖమ్మం స్టేషన్ నుంచి చేశానంటే రైలు సంగతి వదిలేయొచ్చు, బస్సు దగ్గరే ఏదో అయింది.

కంప్యూటర్ బూట్ కూడా అంతే.

1. బయోస్: పవర్ నొక్కగానే ర్యామ్, కీబోర్డ్, డిస్క్ ఉన్నాయా అని చూసుకుంటుంది. ఏ డిస్క్ నుంచి లేవాలో వెతుకుతుంది.

2. బూట్ లోడర్: పాత బయోస్ మెషిన్లలో డిస్క్ మొదటి 512 బైట్లు చదువుతుంది. దీన్నే ఎంబీఆర్ అంటాం. అందులో 446 బైట్లు బూట్ కోడ్, 64 బైట్లు పార్టిషన్ టేబుల్, చివరి 2 బైట్లు గుర్తింపు ముద్ర. లైనక్స్ బూట్ లోడర్ పేరు గ్రబ్. దాని మొదటి ముక్క ఆ 446 బైట్లలో కూర్చుంటుంది. మిగతా భాగాన్ని అదే పిలుస్తుంది.

3. కెర్నల్: గ్రబ్ దాన్ని ర్యామ్‌లోకి ఎక్కించి వదిలేస్తుంది.

4. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్: ఇది చిన్న తాత్కాలిక సిస్టమ్. అసలు డిస్క్‌ని వెతికి మౌంట్ చేసే వరకే దీని పని.

5. సిస్టమ్‌డీ, డెస్క్‌టాప్: సర్వీసులు లేస్తాయి, లాగిన్ స్క్రీన్ వస్తుంది.

స్క్రీన్ మీద కనిపించిన చివరి మెసేజ్ అంటే ఆ ఆఖరి ఫోన్ కాల్. అది ఏ మజిలీ నుంచి వచ్చిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇది తెలియకుండా బయోస్‌లో కనిపించిన ప్రతి ఆప్షన్ మార్చేసి, మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. నేను చేసిన మొదటి పని కూడా అదే అనుకోండి.

మొదటి చోట: పెన్‌డ్రైవ్‌ని అసలు పట్టించుకోలేదు

హైదరాబాద్‌లో బయల్దేరేటప్పుడే మింట్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నా. నా కొత్త ల్యాప్‌టాప్‌లో దానితోనే ఇన్‌స్టాల్ చేశాను, కాబట్టి పెన్‌డ్రైవ్ మంచిదే. ఇక్కడ పెట్టి, బూట్ మెనూలో సెలెక్ట్ చేస్తే ఒక క్షణం కర్సర్ మెరిసి, తిన్నగా విండోస్ 7 వచ్చేసింది.

పోర్ట్ మార్చాను. బూట్ ఆర్డర్ మార్చాను. ఫలితం లేదు. గంట పోయాక వెలిగింది: ఆ పెన్‌డ్రైవ్ జీపీటీ పద్ధతిలో, యూఈఎఫ్ఐ కోసం చేసింది. యూఈఎఫ్ఐ మెషిన్ పెన్‌డ్రైవ్‌లో ఒక ఫైల్‌ని వెతుకుతుంది. పాత బయోస్‌కి ఫైళ్ల సంగతే తెలీదు. దానికి కావాల్సింది మొదటి 512 బైట్లలో బూట్ కోడ్. ఇద్దరూ వేర్వేరు భాషలు మాట్లాడుతున్నారు.

పరిష్కారం: నా ల్యాప్‌టాప్‌లో విండోస్ వైపు వెళ్లి, రూఫస్ అనే టూల్‌లో పార్టిషన్ స్కీమ్ దగ్గర జీపీటీ బదులు ఎంబీఆర్ ఎంచుకుని మళ్లీ చేశాను. ఈసారి పెట్టగానే మింట్ మెనూ వచ్చింది.

మీకూ పెన్‌డ్రైవ్ దగ్గరే ఆగితే ఇవి చూడండి:

• బూట్ మెనూ కీ కంపెనీని బట్టి మారుతుంది. ఎక్కువగా ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్. కొన్ని పాత బయోస్‌లలో పెన్‌డ్రైవ్ "యూఎస్‌బీ" కింద కాకుండా హార్డ్‌డిస్క్‌ల లిస్టులో కనిపిస్తుంది. అక్కడ దాన్ని పైకి జరపాలి.

• డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైల్ పూర్తిగా వచ్చిందో లేదో చెక్‌సమ్‌తో సరిచూసుకోండి. నెట్ తెగి తెగి వచ్చినప్పుడు పాడైన ఐఎస్ఓలు చాలా మామూలు.

• మీది 2012 తర్వాతి మెషిన్ అయితే సెక్యూర్ బూట్ ఉండొచ్చు. ఒకసారి ఆఫ్ చేసి చూడండి.

• ఇంటెల్ ఆటమ్ బే ట్రెయిల్ చిప్‌తో వచ్చిన కొన్ని చిన్న ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లలో ప్రాసెసర్ 64 బిట్, యూఈఎఫ్ఐ మాత్రం 32 బిట్. 32 బిట్ బూట్ ఫైల్ ఉన్న ఐఎస్ఓ అయితేనే అవి లేస్తాయి.

రెండో చోట: మెనూ వచ్చింది, తర్వాత అంతా చీకటి

"స్టార్ట్ లైనక్స్ మింట్" నొక్కాను. లోగో వచ్చింది. తర్వాత స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఫ్యాన్ తిరుగుతోంది, హార్డ్‌డిస్క్ లైటు కొట్టుకుంటోంది, కానీ ఏమీ కనిపించదు. పిన్ని టీ తెచ్చి, "ఆగిపోయిందా నాన్నా?" అంది. "ఆగలేదు పిన్నీ, మనకి కనిపించట్లేదంతే" అన్నాను. సరదాకి అన్న మాటే గానీ, అసలు సంగతీ అదే.

ఆఖరి ఫోన్ కాల్ లెక్క చూడండి. పెన్‌డ్రైవ్ మెనూ వచ్చిందంటే మొదటి రెండు మజిలీలు దాటాం. లోగో వచ్చిందంటే కెర్నల్ కూడా లేచింది. ఆ తర్వాత కెర్నల్ గ్రాఫిక్స్ చిప్‌ని తన చేతుల్లోకి తీసుకుని స్క్రీన్ మోడ్ మారుస్తుంది. పాత గ్రాఫిక్స్ చిప్‌లు చాలావరకు తడబడేది అక్కడే. "ఇప్పుడే మోడ్ మార్చకు, ఉన్నదానితోనే లే" అని కెర్నల్‌కి చెప్పాలి. ఆ మాటే "నోమోడ్‌సెట్".

మింట్ లైవ్ మెనూలో "కంపాటిబిలిటీ మోడ్" అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది చేసేదీ ఇలాంటి పనే. దాన్ని నొక్కితే డెస్క్‌టాప్ వచ్చేసింది.

ఇన్‌స్టాల్ అయ్యాక కూడా మొదటిసారి ఇది అవసరం పడొచ్చు. పవర్ ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకుంటే (యూఈఎఫ్ఐ మెషిన్లలో ఎస్కేప్) గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి లైను మీద "ఈ" అక్షరం కీ నొక్కండి. "క్వైట్ స్ప్లాష్" అని ఉన్నచోట అది తీసేసి "నోమోడ్‌సెట్" టైప్ చేసి ఎఫ్10 నొక్కండి. ఇది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక అప్‌డేట్లు, సరైన డ్రైవర్ వేసుకుని, అది లేకుండా లేస్తుందేమో చూడండి. ఎప్పటికీ నోమోడ్‌సెట్‌తోనే నడిపితే వీడియోలు నత్తనడక నడుస్తాయి.

ఇదే మజిలీలో ఇంకో రకం మెసేజ్ రావచ్చు: ఈ కెర్నల్‌కి ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడ ఐ686 మాత్రమే ఉంది అని. అంటే మీది 32 బిట్ ప్రాసెసర్. దానికి ఏ ఆప్షన్ మార్చినా లాభం లేదు, 32 బిట్ డిస్ట్రో వెతుక్కోవాల్సిందే. ఆ దారి రోజురోజుకీ ఇరుకవుతోంది. ఉబుంటు చాలా ఏళ్ల కిందటే 32 బిట్ ఐఎస్ఓలు ఆపేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో కూడా 32 బిట్ పీసీ ఇన్‌స్టాలర్ లేదు. యాంటీఎక్స్ లాంటి తేలికపాటి డిస్ట్రోల వైపు చూడాలి. కోర్ 2 డుయో వాళ్లకి ఈ బెంగ లేదు, అది 64 బిట్టే.

మూడో చోట: ఇన్‌స్టాల్ పూర్తయింది, కంప్యూటర్ పోయింది

ఇక అసలు కథ. లైవ్ డెస్క్‌టాప్ నుంచి ఇన్‌స్టాలర్ తెరిచాను. డి డ్రైవ్ ఉండాలి కాబట్టి "సమ్‌థింగ్ ఎల్స్" ఎంచుకున్నాను. విండోస్ పార్టిషన్లు రెండూ తీసేశాను. ఖాళీ అయిన చోట మింట్‌కి ఒక పార్టిషన్ చేశాను. కింద "బూట్ లోడర్ ఎక్కడ వేయాలి" అనే చిన్న బాక్స్ ఉంది. అందులో "ఎస్‌డీఏ" అని ఉంది. ఎస్‌డీఏ అంటే హార్డ్‌డిస్కే కదా అనుకుని వదిలేశాను.

అరగంటకి పైనే పట్టింది. "ఇన్‌స్టాలేషన్ కంప్లీట్, పెన్‌డ్రైవ్ తీసి ఎంటర్ నొక్కండి" అంది. తీసి నొక్కాను.

ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్.

చెల్లి ఆ ప్రశ్న అడిగింది ఇక్కడే. నిజం చెప్పాలంటే చేతులు చల్లబడ్డాయి. పార్టిషన్లు తీసేటప్పుడు సి బదులు డి తీసేశానా? రాత్రి పది దాటింది. పిన్ని ఏమీ అనలేదు. అనకపోవడమే ఇంకా కష్టంగా ఉంది.

డి డ్రైవ్ ఉందో లేదో చూడాలంటే లైవ్ డెస్క్‌టాప్‌లోకి వెళ్లాలి. మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాను. లైవ్ మెనూ రాలేదు. లోగో కనిపించి మళ్లీ చీకటి. పెన్‌డ్రైవ్ కూడా పాడైందా? రీస్టార్ట్ చేసి షిఫ్ట్ పట్టుకున్నాను. గ్రబ్ మెనూ వచ్చింది, కానీ అది పెన్‌డ్రైవ్ మెనూ కాదు. నోమోడ్‌సెట్ పెట్టి ముందుకు వెళ్తే లాగిన్ స్క్రీన్ వచ్చింది. దాని మీద చెల్లి పేరు.

"అదేంటి అన్నయ్యా, పెన్‌డ్రైవ్ పెడితే వస్తోంది, తీస్తే రావట్లేదు!"

ఆ మాటలోనే జవాబు ఉంది. పెన్‌డ్రైవ్ ఉంటే రెండో మజిలీ దాటుతోంది, లేకపోతే దాటట్లేదు. అంటే మింట్ హార్డ్‌డిస్క్‌లో క్షేమంగానే ఉంది. దాన్ని పిలిచే గ్రబ్ మాత్రం పెన్‌డ్రైవ్ ఎంబీఆర్‌లో కూర్చుంది! ఇల్లు ఇక్కడ కట్టి, తాళం చెవి పక్కింట్లో పెట్టినట్టు.

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే పేర్లు డిస్క్‌లు దొరికిన వరుసలో పడతాయి. ఆ పూట పెన్‌డ్రైవ్ ముందు దొరికింది, ఎస్‌డీఏ అయింది. హార్డ్‌డిస్క్ ఎస్‌డీబీ అయింది. నేను సైజు చూడకుండా పేరు చూసి నమ్మాను. మరి హార్డ్‌డిస్క్ ఎంబీఆర్‌లో ఏముంది? పాత విండోస్ బూట్ కోడ్ అలాగే ఉంది. అది "యాక్టివ్" గుర్తు ఉన్న పార్టిషన్ కోసం వెతికింది. దాన్ని నేనే తీసేశాను. దొరక్కపోయేసరికి చేతులెత్తేసింది. తప్పు కంప్యూటర్‌ది కాదు, పూర్తిగా నాది.

లాగిన్ అయిన వెంటనే ఫైల్ మేనేజర్ తెరిచాను. డి డ్రైవ్ ఉంది. "స్కూల్" ఫోల్డర్ ఉంది. చెల్లి ఒక వీడియో నొక్కింది. నోమోడ్‌సెట్ వల్ల బొమ్మ ఆగి ఆగి వచ్చింది గానీ గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది. వంటింట్లో ఉన్న పిన్ని బయటికి వచ్చి నిలబడింది. కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

గ్రబ్ సరిచేయడం తర్వాత. ముందు పక్కింటి అబ్బాయి దగ్గర ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అడిగి తెచ్చి, డి డ్రైవ్ మొత్తం కాపీ పెట్టాను. మొదట చేయాల్సిన పని చివరికి రాత్రి పదకొండుకి చేశాను. మీరు మాత్రం ముందే చేయండి.

తర్వాత రిపేర్ రెండు కమాండ్లే. టెర్మినల్‌లో అన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి.

ముందు "ఎల్ఎస్‌బీఎల్‌కే" అని కొట్టి ఏ డిస్క్ ఏ సైజో చూడండి. 320 జీబీ హార్డ్‌డిస్క్ కాబట్టి 298 జీబీ దగ్గర చూపిస్తుంది, పెన్‌డ్రైవ్ చిన్నది. నాకు హార్డ్‌డిస్క్ ఎస్‌డీబీ. అప్పుడు:

సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీబీ
సుడో అప్‌డేట్-గ్రబ్

ఇక్కడ జాగ్రత్త: ఎస్‌డీబీ1 అని పార్టిషన్ నంబర్ పెట్టకూడదు, మొత్తం డిస్క్ పేరే ఇవ్వాలి. ఎంబీఆర్ అనేది డిస్క్‌కి ఉంటుంది, పార్టిషన్‌కి కాదు. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేశాను. ఈసారి మామూలుగా లేచింది.

మీది యూఈఎఫ్ఐ మెషిన్ అయితే కథ కొంచెం వేరు. 2011-13 నాటి కొన్ని మెషిన్లు విండోస్ బూట్ ఫైల్ పేరు తప్ప ఇంకేదీ గుర్తుపట్టవు. అలాంటప్పుడు గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండ్‌కి "--రిమూవబుల్" అని చేరిస్తే, ఏ మెషిన్ అయినా వెతికే మామూలు పేరుతో ఫైల్ పెడుతుంది. చాలాసార్లు అదే సరిపోతుంది.

నాలుగో చోట: కరెంటు పోయింది

మర్నాడు మధ్యాహ్నం అప్‌డేట్లు ఎక్కుతున్నాయి. గాలివాన, కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కాబట్టి అది కూడా అక్కడికక్కడే ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే కొన్ని లైన్లు పరిగెత్తి, చివర బ్రాకెట్లో "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్" అని ఆగింది. పైన "ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్‌గా రన్ చేయండి" అని ఉంది.

ఈసారి చెల్లే అడిగింది: "నాలుగో మజిలీ కదా?"

అవును. బయోస్, గ్రబ్, కెర్నల్ అన్నీ బాగానే ఉన్నాయి. డిస్క్ దొరికింది, కానీ దానిలోని ఫైల్ సిస్టమ్ సగంలో ఆగిన రాతలతో చెదిరింది. దాన్ని సరిచేయకుండా మౌంట్ చేయనంటోంది. పైన ఏ పార్టిషన్ పేరు చూపిస్తుందో అదే పెట్టి ఈ కమాండ్ ఇవ్వాలి. పెన్‌డ్రైవ్ తీసేశాం కాబట్టి ఇప్పుడు హార్డ్‌డిస్కే ఎస్‌డీఏ:

ఎఫ్ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ1

అయ్యాక "ఎగ్జిట్" కొడితే ముందుకు వెళ్లింది.

ఇదే చోట "యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్" అని వస్తే మాత్రం వేరే సమస్య. అక్కడ డిస్కే దొరకలేదు. కేబుల్ వదులైందా, బయోస్‌లో సాటా మోడ్ మారిందా చూడండి. డిస్క్ లేవడానికి ఆలస్యం అవుతోందనిపిస్తే గ్రబ్‌లో "రూట్‌డిలే=10" చేర్చి చూడొచ్చు, పది సెకన్లు ఆగుతుంది.

ఒక హెచ్చరిక. కరెంటు పోకుండానే ఎఫ్ఎస్‌సీకే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, హార్డ్‌డిస్క్ చివరి రోజుల్లో ఉందని అనుమానించండి. మింట్‌లోని డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ డేటా కనిపిస్తుంది. రీఅలొకేటెడ్ సెక్టార్, పెండింగ్ సెక్టార్ లెక్కలు సున్నా దాటి పెరుగుతూ పోతుంటే రిపేర్ ఆపి ముందు డేటా కాపీ తీసుకోండి. పోయే డిస్క్ మీద ఎఫ్ఎస్‌సీకే నడిపితే ఉన్నది కూడా పోవచ్చు.

గుండ్రటి చిన్న దొంగ

ఇంకో చిన్న విషయం. ప్రతిసారీ ప్లగ్ తీసి పెట్టగానే తేదీ 2010 జనవరికి వెళ్లిపోయేది. బ్రౌజర్‌లో ఏ సైట్ తెరిచినా "కనెక్షన్ సురక్షితం కాదు" అనేది, అప్‌డేట్లు "ఈ ఫైల్ ఇంకా చెల్లదు" అని మొరాయించేవి. బూట్ ఆర్డర్ కూడా మొదటికొచ్చి నెట్‌వర్క్ బూట్ కోసం "మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్" అంటూ కూర్చునేది.

కారణం సీమాస్ బ్యాటరీ. బయోస్ సెట్టింగులు, గడియారం గుర్తుపెట్టుకునే 3 వోల్టుల గుండ్రటి సెల్ అది. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సీఆర్2032, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు అదే సెల్‌కి వైరు, కనెక్టర్ ఉంటాయి కాబట్టి విప్పి చూశాకే కొనండి. పాత మెషిన్‌కి ఏం కొనాలి అని ఎవరైనా అడిగితే నా లిస్టులో మొదట ఇదే ఉంటుంది.

ఫోన్‌లో సేవ్ చేసుకోండి: ఏ మెసేజ్ ఏ మజిలీ?

• ఏమీ రాలేదు, బీప్‌లు మాత్రమే: బయోస్ దశ. ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టండి.

• "నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్": బూట్ కోడ్ దొరకలేదు. బూట్ ఆర్డర్, పెన్‌డ్రైవ్ పద్ధతి, గ్రబ్ వేసిన డిస్క్ చూడండి.

• "గ్రబ్ రెస్క్యూ": గ్రబ్ మొదటి ముక్క లేచింది, మిగతా ఫైళ్లు దొరకలేదు. పార్టిషన్ తీసినా, జరిపినా వస్తుంది. "ఎల్ఎస్" కొట్టి పార్టిషన్లు చూసి, "సెట్ ప్రిఫిక్స్"తో బూట్ ఫోల్డర్‌లోని గ్రబ్ దారి చూపించి, "ఇన్స్‌మాడ్ నార్మల్", "నార్మల్" కొట్టండి. లోపలికి వెళ్లాక గ్రబ్-ఇన్‌స్టాల్ మళ్లీ చేయండి.

• లోగో తర్వాత చీకటి: కెర్నల్ గ్రాఫిక్స్ దగ్గర. నోమోడ్‌సెట్.

• "ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్": డిస్క్ దొరకలేదు లేదా ఫైల్ సిస్టమ్ చెదిరింది.

• ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతోంది: సెట్టింగులు మార్చడం ఆపండి. మెమ్‌టెస్ట్86+ తో ర్యామ్ పరీక్షించండి, వేడి చూడండి.

ఏ మార్పు చేసినా ఒకసారికి ఒక్కటే చేయండి. ప్రతి ఎర్రర్ స్క్రీన్‌కీ ఫోన్‌తో ఫొటో తీయండి. నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే, పనిచేసినా ఎందుకు పనిచేసిందో తెలీదు. రేపు మళ్లీ ఆగితే మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇంతకీ చేయొచ్చా, వద్దా?

ఇంత కష్టపడి లేపిన ల్యాప్‌టాప్ ఎలా ఉంది? నిజాయితీగా చెప్తా. అప్‌డేట్లు పూర్తయ్యాక నోమోడ్‌సెట్ తీసేసినా లేచింది, స్క్రీన్ రిజల్యూషన్ సరిగ్గా వచ్చింది. పాత హార్డ్‌డిస్క్‌తో ఆన్ అవడానికి నిమిషం పైనే పడుతోంది. పైథాన్, ఆఫీస్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు హాయిగా నడుస్తున్నాయి. బ్రౌజర్‌లో ఐదారు ట్యాబ్‌లు దాటితే ఆయాసపడుతుంది. 1080పీ వీడియో దీని వల్ల కాదు, 480పీ దగ్గర ఆగితే మంచిది. డబ్బులు కుదిరినప్పుడు ఒక చిన్న సాటా ఎస్ఎస్‌డీ వేస్తే మాత్రం కథ మారిపోతుంది. అప్పుడు పాత హార్డ్‌డిస్క్‌ని తీసి బీరువాలో దాచేయొచ్చు.

కోర్ 2 డుయో, 4 జీబీ ర్యామ్ ఉంటే ప్రయత్నించండి. 32 బిట్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్ అయితే నేర్చుకోవడానికి సరే, రోజూ వాడుకోవడానికి మాత్రం వద్దంటాను.

పోయిన వారం చెల్లి ఫోన్ చేసింది. మళ్లీ లేవట్లేదంట. నేను అడిగేలోపే తనే చెప్పింది: "చెక్ కేబుల్ అని వచ్చింది అన్నయ్యా. తేదీ చూస్తే 2010. సెల్ అయిపోయినట్టుంది, వాచీల షాపుకి వెళ్తున్నా."

ఇక ఆ ఇంట్లో కంప్యూటర్ రిపేర్‌కి నేను అవసరం లేదు.